వైరల్ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన రోగికి సెప్టిక్ షాక్ ముప్పును అంచనా వేయడం ఎలా?

ఇన్‌ఫ్లుయెంజా, కొవిడ్, డెంగీ వంటి వైరల్ ఇన్ఫెక్షన్లతో ఆసుపత్రిలో చేరిన వారిలో ఎక్కువ మంది కోలుకుని ఇంటికి వెళ్తారు. కొద్దిమందిలో మాత్రం చేరిన కొన్ని రోజులకు, ఒక్కోసారి కొన్ని గంటలకే, పరిస్థితి విషమించి రక్తపోటు పడిపోతుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా పసిగట్టడానికి వార్డులోని డ్యూటీ వైద్యులు, నర్సులు అనుసరించదగిన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. రోగి పక్కన ఉండే కుటుంబ సభ్యులు గమనించవలసిన విషయాలు కూడా చివర్లో ఉన్నాయి.

మొదటే చెప్పవలసిన మాట ఒకటుంది. మధుమేహం, వయసు, కిడ్నీ జబ్బు అంటూ చేరిన రోజున కేస్ షీట్‌లో రాసుకునే జాబితా ముప్పులో ఒక భాగం మాత్రమే. ఏ వైరస్ సోకింది, రోగం మొదలై ఎన్నో రోజు నడుస్తోంది అన్నది రెండవ భాగం. ఆసుపత్రిలో మనమే రోగికి అమర్చిన గొట్టాలు, ఇచ్చిన మందులు మూడవ భాగం. మొదటిది మారదు, మిగిలిన రెండూ రోజురోజుకూ మారుతుంటాయి. కాబట్టి ముప్పు అంచనా అన్నది ప్రతి రౌండులోనూ కొత్తగా చేయవలసిన పని.

దేనిని సెప్టిక్ షాక్ అంటారు

ఇన్ఫెక్షన్‌పై శరీరం చూపే ప్రతిస్పందన అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసే ప్రాణాంతక స్థితి సెప్సిస్. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఖరారు చేసిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్ వల్ల సోఫా స్కోరు (అవయవాల పనితీరు ఎంత దెబ్బతిందో కొలిచే అంకె) 2 లేదా అంతకు మించి పెరిగితే దానిని సెప్సిస్‌గా పరిగణించాలి. తగినన్ని ద్రవాలు ఎక్కించిన తరువాత కూడా సగటు ధమనీ పీడనాన్ని 65 మి.మీ. దగ్గర నిలపడానికి రక్తపోటు పెంచే మందులు అవసరమవుతూ, రక్తంలో ల్యాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) లీటరుకు 2 మిల్లీమోల్స్‌ను దాటి ఉంటే, పెద్దలలో దానిని సెప్టిక్ షాక్ అంటారు. ఈ రెండూ కలిసి ఉన్నవారిలో ఆసుపత్రి మరణాలు 40 శాతానికి పైగా ఉంటాయి.

ఈ నిర్వచనంలో బ్యాక్టీరియా ప్రస్తావన లేదు. అందువల్ల రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదన్న ఒక్క కారణంతో సెప్సిస్‌ను కొట్టిపారేయడం పొరపాటు. వైరస్ తానుగానే రోగిని షాక్‌లోకి నెట్టగలదు, లేదా తన వెనుక వచ్చే బ్యాక్టీరియాకు దారి చేసి పెట్టగలదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో మరణాలు ఎక్కువగా వైరస్ తరువాత వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా వల్లనే సంభవించాయని, భద్రపరచిన ఊపిరితిత్తుల నమూనాలను తరువాతి కాలంలో పరీక్షించిన శాస్త్రవేత్తలు నిర్ధారించారు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను, దానిపై ఉండే సన్నని రోమాలను దెబ్బతీస్తుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్లు కొంతకాలం పాటు బ్యాక్టీరియాను చంపే తెల్ల రక్తకణాల పనిని మందగింపజేస్తాయి. న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటివి చొరబడేది సరిగ్గా ఆ సమయంలోనే.

మొదటి పని: రోగి వెంట వచ్చిన ముప్పును పూర్తిగా రాబట్టడం

వయసు 65 దాటినవారు, రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ప్రసవించి రెండు వారాలు కానివారు, మధుమేహం, గుండె వైఫల్యం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి, కిడ్నీ వ్యాధి, కాలేయ సిరోసిస్, క్యాన్సర్ ఉన్నవారు ఎక్కువ ముప్పు ఉన్నవారని అందరికీ తెలిసిందే. బీఎంఐ 40 దాటిన స్థూలకాయం కూడా తీవ్ర ఇన్‌ఫ్లుయెంజాకు ముప్పు కారణమని 2009 హెచ్1ఎన్1 మహమ్మారి సమయంలో స్పష్టమైంది. వీటిలో ఏదో ఒకటి ఉండటం కంటే రెండు మూడు కలిసి ఉండటం చాలా ప్రమాదకరం. అదుపులో ఉన్న మధుమేహం ఒక్కటే ఉన్న 50 ఏళ్ల వ్యక్తినీ, మధుమేహంతో పాటు డయాలసిస్ మీద ఉన్న మరొకరినీ ఒకే గాటన కట్టకూడదు.

ఎక్కువగా తప్పిపోయేవి అడిగితే తప్ప బయటపడని కారణాలు. అందులో మొదటిది ప్లీహం (రక్తంలోని క్రిములను వడకట్టే అవయవం) లేకపోవడం. ఎప్పుడో జరిగిన ప్రమాదంలో ప్లీహం తొలగించిన వ్యక్తికి ఆ సంగతి చెప్పాలని తోచకపోవచ్చు, కాబట్టి కడుపు మీద పాత ఆపరేషన్ మచ్చ కనిపిస్తే అది దేనిదో అడగాలి. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో ప్లీహం ఉన్నా పనిచేయకపోవచ్చు. ఇలాంటి వారిలో న్యుమోకాకస్ ఇన్ఫెక్షన్ గంటల వ్యవధిలోనే షాక్‌గా మారగలదు.

రెండవది స్టెరాయిడ్ల వాడకం. కీళ్ల నొప్పులకో ఉబ్బసానికో నెలల తరబడి మాత్రలు వాడుతున్న రోగులు వాటి పేరు చెప్పలేకపోవచ్చు, ఆ మాత్రల పట్టీలను తెప్పించి చూడటం మేలు. రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను రెండు వారాలు, ఆపైన వాడినవారిని రోగనిరోధక శక్తి తగ్గినవారిగానే లెక్కించాలి. ఇందులో మరో చిక్కు ఉంది. దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లను ఆసుపత్రిలో చేరిన హడావుడిలో ఎవరూ కొనసాగించకపోతే, అడ్రినల్ గ్రంథులు చాలినంత హార్మోనును అందించలేక, అచ్చం సెప్టిక్ షాక్‌ను పోలిన స్థితి ఏర్పడుతుంది. ద్రవాలకూ మందులకూ లొంగని తక్కువ రక్తపోటు కనిపించినప్పుడు ఈ ప్రశ్నను మళ్లీ వేసుకోవాలి.

కీమోథెరపీ, అవయవ మార్పిడి, హెచ్ఐవీ, రోగనిరోధక వ్యవస్థను అణచే బయాలజిక్ మందులు, పోషకాహార లోపం, దీర్ఘకాల మద్యపానం గురించి కూడా విడివిడిగా అడగాలి. న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాను చంపే తెల్ల రక్తకణాలు) బాగా పడిపోయిన రోగికి జ్వరం వచ్చిందంటే, వైరస్ ఉన్నట్లు తేలినా సరే, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ లేదని రుజువయ్యే వరకు ఉన్నట్లుగానే భావించి చికిత్స మొదలుపెట్టాలి.

ముప్పును కప్పిపుచ్చే అంశాలను కూడా ఇప్పుడే రాసుకోవాలి. బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవారిలో నాడి వేగం పెరగకపోవచ్చు. క్రమం తప్పకుండా పారాసెటమాల్ ఇస్తున్న రోగికి జ్వరం కనిపించదు. వృద్ధులలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనూ జ్వరం రాకపోవచ్చు, శరీరం చల్లబడటం జ్వరం కంటే చెడ్డ సూచన. ఎప్పుడూ 170 ఉండే రక్తపోటు 115కు దిగితే ఆ అంకె చూడటానికి మామూలుగానే ఉంటుంది, కానీ ఆ రోగికి అది పెద్ద పతనం. అందుకే రోగి సాధారణ రక్తపోటు ఎంతో తెలుసుకుని షీట్ పైభాగంలో రాయడం మంచిది.

రెండవ పని: ఏ వైరస్, ఎన్నో రోజు

రోజులను లెక్కించేటప్పుడు ఆసుపత్రిలో చేరిన తేదీని కాక, లక్షణాలు మొదలైన తేదీని ఒకటవ రోజుగా తీసుకోవాలి. చిన్న విషయంగా తోచినా, చాలా కేస్ షీట్లలో స్పష్టంగా ఉండనిది ఇదే.

ఇన్‌ఫ్లుయెంజాలో అన్నిటికంటే అనుమానించవలసినది తగ్గినట్లే తగ్గి మళ్లీ తిరగబెట్టిన జ్వరం. నాలుగైదు రోజులకు కాస్త తెరిపిన పడిన రోగికి వారం తిరిగేసరికి మళ్లీ జ్వరం, చీము లేదా రక్తం కలిసిన కఫం, పెరిగిన ఆయాసం కనిపిస్తే బ్యాక్టీరియా న్యుమోనియా చేరిందని భావించాలి. స్టెఫైలోకాకస్ వల్ల వచ్చే న్యుమోనియా అయితే అంత వ్యవధి కూడా ఇవ్వకపోవచ్చు. ఐసీయూలో ఉన్న ఇన్‌ఫ్లుయెంజా రోగులలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కూడా చేరవచ్చు.

కొవిడ్‌లో పరిస్థితి దిగజారడం సాధారణంగా లక్షణాలు మొదలైన వారం తరువాత జరుగుతుంది. మొదటి రోజుల్లోనే బ్యాక్టీరియా తోడవడం తక్కువ. ఐసీయూలో గడిపే రోజులు పెరిగేకొద్దీ అక్కడ సంక్రమించే ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. కాబట్టి మూడవ రోజున వచ్చిన షాక్‌కూ పదిహేనవ రోజున వచ్చిన షాక్‌కూ ఒకే కారణం వెతకకూడదు.

డెంగీ దారి పూర్తిగా వేరు. ఇక్కడ షాక్‌కు ప్రధాన కారణం రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోవడం. అది ఎక్కువగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య, సరిగ్గా జ్వరం తగ్గే సమయంలో మొదలై, 24 నుంచి 48 గంటల పాటు సాగుతుంది. జ్వరం తగ్గిందని కుటుంబ సభ్యులు ఊపిరి పీల్చుకునే సమయమే డెంగీలో అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన సమయం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత లేదా అస్థిమితం, ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోతూ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పెరగడం ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్న హెచ్చరిక సంకేతాలలో ఉన్నాయి. రక్తపోటులో పై అంకె నిలబడి ఉండగానే కింది అంకె పెరిగి, రెండింటి మధ్య తేడా 20 మి.మీ.కు లేదా అంతకన్నా తక్కువకు చేరితే షాక్ మొదలైనట్లే. గతంలో వేరొక రకం డెంగీ వైరస్ సోకినవారికి రెండవసారి ఈ ముప్పు ఎక్కువ. కేవలం ప్లేట్‌లెట్ల అంకెనే చూస్తూ హెమటోక్రిట్‌ను, మూత్రాన్ని వదిలేసే అలవాటు వల్ల అసలు ప్రమాదం చూపు దాటిపోతుంది.

ఆటలమ్మలో పగిలిన పొక్కుల ద్వారా గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ లోపలికి ప్రవేశించవచ్చు. ఒక పొక్కు చుట్టూ ఎరుపు వేగంగా విస్తరిస్తూ, కనిపించే గాయానికి మించిన నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా సర్జన్‌ను పిలవాలి. తట్టు సోకిన పిల్లలలో రోగనిరోధక శక్తి వారాల తరబడి తగ్గి ఉంటుంది, వారి మరణాలకు న్యుమోనియా ప్రధాన కారణం. నెలలోపు శిశువు షాక్‌లో ఉన్నప్పుడు హెర్పిస్ సింప్లెక్స్‌ను కూడా తలచుకుని, ఫలితాల కోసం ఎదురుచూడకుండా ఎసైక్లోవిర్ మొదలుపెట్టే విషయం శిశు వైద్యులతో చర్చించాలి.

మూడవ పని: ఆసుపత్రి చేర్చిన ముప్పును లెక్కించడం

సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం), మూత్రపు గొట్టం, శ్వాసనాళంలో గొట్టం, డయాలసిస్ క్యాథెటర్ ఇవన్నీ అవసరమైనవే, ఇవన్నీ క్రిములకు ద్వారాలే. ప్రతి ఉదయం వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ, ఇది ఈ రోజు కూడా అవసరమా అని అడిగి, అవసరం లేనిదాన్ని ఆ పూటే తీసివేయాలి. చేతి మీది మామూలు క్యాన్యులాను ఎవరూ పట్టించుకోరు, అక్కడి ఎరుపు, గట్టిదనం, చీము కూడా రక్తంలోకి చేరే స్టెఫైలోకాకస్‌కు మూలం కాగలవు. వెంటిలేటర్ పెట్టి 48 గంటలు దాటిన తరువాత కొత్తగా జ్వరం, చీముతో కూడిన కఫం, ఆక్సిజన్ అవసరం పెరగడం కనిపిస్తే వెంటిలేటర్ న్యుమోనియా గురించి ఆలోచించాలి.

మందుల విషయంలోనూ ఇదే దృష్టి అవసరం. ఆక్సిజన్ అవసరమైన కొవిడ్ రోగులలో డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందని 2020లో రికవరీ అనే క్లినికల్ ట్రయల్ నిరూపించింది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో ప్రయోజనం కనిపించలేదు. అంటే అనవసరంగా ఇచ్చిన స్టెరాయిడ్ మేలు చేయకపోగా చక్కెరను పెంచి, బ్యాక్టీరియాకూ బూజుకూ అవకాశం ఇస్తుంది. వాపు ప్రతిస్పందనను అణచే టోసిలిజుమాబ్ ఇచ్చిన రోగిలో జ్వరం, ఇన్ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే సీఆర్‌పీ రెండూ అణగిపోతాయి కనుక, సీఆర్‌పీ తక్కువగా ఉందన్న ధీమా పనికిరాదు. కారణం లేకుండా రోజుల తరబడి ఇచ్చిన విస్తృత యాంటీబయాటిక్స్ వల్ల తరువాత వచ్చే ఇన్ఫెక్షన్ మందులకు లొంగని క్రిమిది అయ్యే అవకాశం పెరుగుతుంది.

మంచం దగ్గర చూడవలసినవి

అన్నిటికంటే ముందు మారేది, అన్నిటికంటే నిర్లక్ష్యంగా రాసేది శ్వాస రేటు. చార్టులో ప్రతి రోగికీ 18 లేదా 20 అని ఉంటే ఎవరూ లెక్కించలేదనే అర్థం. పూర్తి నిమిషం పాటు ఛాతీ కదలికను చూస్తూ లెక్కించాలి. ఆక్సిజన్ అందుతున్న రోగిలో శాచురేషన్ 95 ఉన్నంత మాత్రాన శ్వాస రేటు 28 ఉండటాన్ని తేలికగా తీసుకోకూడదు.

తరువాత స్పృహ. రోగి సమాధానాలు తడబడటం, తేదీ తప్పు చెప్పడం, అసాధారణంగా నిద్రపోవడం మెదడుకు రక్తప్రసరణ తగ్గుతోందన్నదానికి సూచన కావచ్చు. ఆపైన చర్మం చూడాలి. వేలి కొనను పది సెకన్ల పాటు గట్టిగా నొక్కి వదిలినప్పుడు రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటితే రక్తప్రసరణ సరిగా లేనట్లే. మోకాళ్ల చుట్టూ వల ఆకారంలో మచ్చలు కనిపించడం కూడా అదే చెబుతుంది. మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు కంటే తగ్గితే రక్తపోటు అంకె ఎంత బాగున్నా కిడ్నీలకు చాలినంత రక్తం అందడం లేదని అనుమానించాలి.

ఈ పరిశీలనలన్నీ ఒకచోట చేర్చడానికి శ్వాస, నాడి, రక్తపోటు, స్పృహ వంటి వాటికి అంకెలిచ్చి కలిపే న్యూస్-2 వంటి స్కోరు ఉపయోగపడుతుంది. అందులో 5 వస్తే వైద్యుడు త్వరగా వచ్చి చూడాలి, 7 లేదా అంతకు మించి వస్తే అత్యవసర బృందాన్ని పిలవాలి. శ్వాస రేటు, స్పృహ, పై రక్తపోటు మాత్రమే చూసే క్యూసోఫా స్కోరు ఒక్కదానినే నమ్ముకుని సెప్సిస్‌ను వడపోయవద్దని సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2021 మార్గదర్శకాలు సూచించాయి. అది నెగెటివ్‌గా ఉన్నప్పుడు కూడా సెప్సిస్ ఉండవచ్చు. ఏ స్కోరు వాడినా, ఒక్క అంకె కంటే ఆరు గంటల్లో అది ఎటు కదిలిందన్నదే ఎక్కువ చెబుతుంది. నాడి వేగాన్ని పై రక్తపోటుతో భాగించి చూడటం మరో సులువైన పద్ధతి. పెద్దలలో ఆ విలువ 1కి చేరువవుతుంటే రక్తపోటు పడకముందే జాగ్రత్త పడవచ్చు.

పిల్లలలో, గర్భిణులలో ఈ కొలతలను యథాతథంగా వాడకూడదు. పిల్లల రక్తపోటు చివరి దాకా నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది, కాబట్టి నాడి వేగం, చల్లబడిన చేతులు కాళ్లు, మందకొడితనం ముఖ్యమైన గుర్తులు. గర్భిణులలో నాడి సహజంగానే కొంత వేగంగా, రక్తపోటు కొంత తక్కువగా ఉండటం వల్ల తొలి సంకేతాలు మామూలు మార్పులుగా తోస్తాయి.

పరీక్షలలో ల్యాక్టేట్‌కు మొదటి స్థానం. ఎక్కువగా ఉంటే రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ చూసి తగ్గుతోందో లేదో తెలుసుకోవాలి. కాలేయ వైఫల్యంలో, సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ ఎక్కువగా ఇచ్చినప్పుడు కూడా ల్యాక్టేట్ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. పెరిగే క్రియాటినిన్, పెరిగే బిలిరుబిన్, తగ్గే ప్లేట్‌లెట్లు అవయవాలు దెబ్బతింటున్నాయని తెలుపుతాయి. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే ప్రొకాల్సిటోనిన్ కేవలం వైరల్ ఇన్ఫెక్షన్‌లో తక్కువగా ఉండటం సాధారణం, అయినా షాక్‌లో ఉన్న రోగికి యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా అన్నది దాని ఆధారంగా నిర్ణయించకూడదు.

అనుమానం బలపడినప్పుడు

ఇది ఏ రకం షాక్ అన్న ప్రశ్న చికిత్సతో పాటే నడవాలి. బ్యాక్టీరియా తోడైందా, వైరస్ ఒక్కటేనా, డెంగీలా ప్లాస్మా కారుతోందా, వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీసి గుండె పంపు చేయలేకపోతోందా? చివరిది గుర్తించకపోతే మనం ఎక్కించే సెలైనే రోగికి హాని చేస్తుంది. మెడ నరాలు ఉబ్బి ఉండటం, ఊపిరితిత్తుల అడుగున బుడబుడ శబ్దం, చల్లని చేతులు, ఈసీజీలో మార్పులు ఉంటే వెంటనే ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి.

షాక్ ఉన్నట్లు తోస్తే గంటలోపే బ్లడ్ కల్చర్లు తీసి యాంటీబయాటిక్ ఇవ్వాలి. కల్చర్ల కోసం మందును ఆపి ఉంచకూడదు. ఇన్‌ఫ్లుయెంజా తరువాత వచ్చిన న్యుమోనియా అయితే ఎంచుకునే మందు స్టెఫైలోకాకస్ మీద కూడా పనిచేసేదిగా ఉండాలి. ఇన్‌ఫ్లుయెంజాకు ఇచ్చే ఆసెల్టమివిర్ మొదటి 48 గంటల్లో ఇస్తే మేలు ఎక్కువ, అయినా ఆసుపత్రిలో చేరేంత జబ్బుపడిన రోగికి ఆ గడువు దాటిందని మానకూడదు. ద్రవాల విషయంలో సర్వైవింగ్ సెప్సిస్ 2021 మార్గదర్శకాలు మొదటి మూడు గంటల్లో కిలోకు కనీసం 30 మి.లీ. సూచించినా, దానిని ఒకేసారి గుమ్మరించకుండా, కొద్దికొద్దిగా ఇస్తూ ప్రతి విడత తరువాత రోగిని మళ్లీ పరీక్షించడం వైరల్ న్యుమోనియా రోగులలో చాలా అవసరం. డెంగీకి దాని ప్రత్యేక ద్రవ ప్రణాళికనే పాటించాలి. రక్తపోటు నిలవకపోతే నార్ ఎడ్రినలిన్ మొదటి మందు, సెంట్రల్ లైన్ వేసే దాకా ఆగకుండా చేతి నరం ద్వారా తాత్కాలికంగా ప్రారంభించవచ్చు.

కుటుంబ సభ్యులకు చెప్పవలసినది

మూత్రం చాలాసేపు రాకపోవడం, మాట తడబడటం లేదా మనిషిని గుర్తుపట్టకపోవడం, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం పెరగడం, డెంగీలో కడుపునొప్పి లేదా వాంతులు మొదలవడం, వీటిలో ఏది గమనించినా రౌండ్ల సమయం వరకు ఆగకుండా నర్సుకు చెప్పమని ముందే వివరించాలి. ఈయన రోజూ ఇలా ఉండరు అని దగ్గరివారు అన్నప్పుడు, ఆ మాటను ఒక లక్షణంగా నమోదు చేసి రోగిని మళ్లీ పరీక్షించాలి. స్కోరులో చేరని మార్పు తరచుగా ముందుగా వారికే కనిపిస్తుంది.

నిఘాను ఎప్పుడు తగ్గించవచ్చు

వరుసగా 24 గంటలు శ్వాస రేటు, నాడి, స్పృహ స్థిరంగా ఉండి, ఆక్సిజన్ అవసరం తగ్గుతూ, మూత్రం సరిపడా వస్తూ, ల్యాక్టేట్ మామూలు స్థాయికి చేరితే గంటగంటకూ చేసే పరిశీలనను నాలుగు గంటలకొకసారికి మార్చవచ్చు. డెంగీలో దీనికి తోడు కీలక దశ దాటిందని హెమటోక్రిట్ స్థిరపడటం ద్వారా తేల్చుకోవాలి. ఆ దశ దాటాక బయటికి కారిన ద్రవం తిరిగి రక్తంలోకి చేరుతుంది కనుక, సెలైన్‌ను అప్పుడే ఆపకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారు, ప్లీహం లేనివారు, స్టెరాయిడ్లపై ఉన్నవారి విషయంలో మాత్రం పరిశీలన వ్యవధిని పెంచినా, కొత్తగా జ్వరం వస్తే మొదటి రోజు రోగిని చూసినట్లే పరీక్షించాలన్న సూచనను షిఫ్ట్ మారేటప్పుడు రాతపూర్వకంగా అప్పగించాలి.